తారుమారైన రెండు తీగలు

ఉత్తర డకోటాలో ఒక నవంబరు మధ్యాహ్నం. అత్తగారు ఒడీలియా ఇంటి వెనుక షెడ్డు. కోడలు రెనే తెచ్చిన పాత పికప్ ట్రక్కు బానెట్ ఎత్తి ఉంది. ఇంజను నిలువెల్లా వణుకుతోంది.

“ఆపేయనా, అత్తయ్యా?”

“ఆపితే నాకేం వినిపిస్తుంది? ఉండనీ. ఎప్పట్నుంచి ఇలా?”

“ఈ మధ్యే.”

“ఈ మధ్యంటే?”

“అదే... వస్తుంది, పోతుంది.”

“జ్వరమా, వచ్చిపోవడానికి? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?”

“ఎప్పుడైనా. అత్తయ్యా, అదేంటి? రోడ్డు మీద వ్యానా?”

“గాలి. రేకు కొట్టుకుంటోంది. పెట్రోల్లో నీళ్ళేమైనా చేరాయేమో.”

“లేదు. సీసాలో పట్టి చూశా.”

“నువ్వా?”

“ఊరికే. చూద్దామని.”

“మా అబ్బాయి క్లెమ్ ఏం చేస్తున్నాడు మరి? వాడికి ఇంజన్లు తెలుసుగా.”

“చేస్తారు. చమురు బావి పని నుంచి వచ్చిన మర్నాడే చేస్తారు. ఆయన చెయ్యి పడితే చాలు, కొత్త పెళ్ళికొడుకులా నడుస్తుంది.”

“మళ్ళీ ఎప్పుడు పాడవుతుంది?”

“ఆయన డ్యూటీకి వెళ్ళాక.”

“ప్రతిసారీనా?”

“ప్రతిసారీ అంటే... ఆఁ, ప్రతిసారీ. పాత బండి కదా.”

“పాత బండికి మొగుడి మీద బెంగా? ఆ తోలు గ్లవ్స్ ఇలా ఇవ్వు. ఒక్కో ప్లగ్గు తీగా లాగి మళ్ళీ పెడతా. లాగినప్పుడు ఇంజను ఇంకా కుంటితే ఆ సిలిండరు పనిచేస్తున్నట్టు. తేడా రాకపోతే అది పడుకున్నట్టు. విను. ఇది?”

“కుంటింది.”

“ఇది?”

“ఇంకా కుంటింది.”

“ఇది?”

“ఏం మారలేదు.”

“దాని పక్కది?”

“దీనికీ ఏం మారలేదు. రెండు పోయాయా? అత్తయ్యా, ఇంజను పోయినట్టేనా? ఇవాళ కదలదా?”

“ఇవాళే కదలాల్సిన పనేంటి?”

“దాణా. కోళ్ళకి దాణా తేవాలి.”

“దాణా కొట్టుకి జోసీని రజాయిలో చుట్టి తీసుకెళ్తావా?”

“పాపకి దగ్గు. ఇంట్లో ఒక్కదాన్నే ఎలా వదలను?”

“సీట్లో పాప పక్కనున్న ఆ సంచికి కూడా దగ్గా? చలికాలం బట్టలన్నీ అందులోనే ఉన్నట్టున్నాయి.”

“ముందు బండి సంగతి చూడండి, అత్తయ్యా. మీ కాళ్ళు పట్టుకుంటా.”

“కాళ్ళొద్దు, టార్చి పట్టుకో. ఇప్పుడు ఆపు ఇంజను. ఇక్కడ వెయ్యి వెలుతురు. తీగలన్నింటి మీదా ఏళ్ళనాటి జిడ్డు. ఈ రెండింటి చివర్లు చూడు.”

“తుడిచినట్టున్నాయి.”

“తుడవలేదు. ఎవరో పట్టుకుని లాగారు. మళ్ళీ మళ్ళీ లాగారు. దీన్ని దాని చోట, దాన్ని దీని చోట పెట్టారు. ప్లగ్గులకేం రోగం లేదు. నిప్పు రావలసిన వేళకి రావడం లేదు, అంతే.”

“పొరపాటున తారుమారయ్యాయేమో.”

“పొరపాటు ఒకసారి జరుగుతుంది. ప్రతి డ్యూటీకీ ముందు జరగదు.”

“ఆయనెందుకు చేస్తారు అలా? కదలకుండా చెయ్యాలంటే పూర్తిగానే ఆపేయొచ్చుగా.”

“పూర్తిగా ఆగితే నువ్వు మెకానిక్కుని పిలుస్తావు. కుంటితే పిలవవు. ఊళ్ళోకెళ్ళి సరుకులు తెచ్చుకుంటావు, అంతకంటే దూరం వెళ్ళే ధైర్యం చెయ్యవు. నీకు బండి మీద నమ్మకం పోవాలి. అదీ వాడికి కావలసింది.”

“బాగుచేసినప్పుడల్లా నేను థాంక్స్ చెప్పేదాన్ని, అత్తయ్యా. ఆయనకిష్టమని ప్లమ్ పళ్ళ కూహెన్ కేకు కాల్చిపెట్టేదాన్ని.”

“నేనూ కాల్చేదాన్ని.”

“క్లెమ్‌కా?”

“వాళ్ళ నాన్నకి. ఆంటన్ ఉన్నన్నాళ్ళూ నా బండికి ఇదే రోగం. ఆయన్ని పాతిపెట్టాక మళ్ళీ ఒక్కసారీ రాలేదు. అప్పుడర్థమైంది. ఆయన బండి బాగుచేస్తుంటే పక్కన టార్చి పట్టుకునేవాడు క్లెమ్. తండ్రికి సాయం చేస్తున్నాడని మురిసిపోయేదాన్ని.”

“అత్తయ్యా, ఇవాళ ఆయన వచ్చే రోజు.”

“తెలుసు.”

“చీకటి పడేలోపు కంపెనీ వ్యాను దింపేస్తుంది. ఇంట్లో మేం లేకపోతే గట్టు దాటి నేరుగా మీ దగ్గరికే వస్తారు. మేం వెళ్ళేది...”

“ఎక్కడికో చెప్పకు. తెలిస్తే చెప్పేస్తాను. నేను అబద్ధమాడను.”

“ఒక్కసారి, అత్తయ్యా. జోసీ కోసం. మేం ఇటు రాలేదని చెప్పండి.”

“చెప్పను. వచ్చారు, బండి బాగుచేశాను, వెళ్ళారు అని చెప్తాను.”

“చంపేస్తాడు. పోయినసారి పాప చూస్తుండగానే నా గొంతు... మీరు చూశారు కదా, ఆదివారం చర్చిలో పూజకి స్కార్ఫ్ కట్టుకొచ్చాను.”

“చూశాను.”

“చూసీ ఏం అడగలేదు మీరు.”

“ఇవాళ అడుగుతున్నాను కదా. ఆ టార్చి కదపకు.”

“మీ బండేసుకుని వెంటపడతాడు. మీ బండి ముందు నాదెంత? రాత్రికల్లా అందుకుంటాడు. అదిగో, వ్యాను. ఈసారి వ్యానే.”

“గాలి అన్నానా. వాడు తాళం అడుగుతాడు. నేను ఇస్తాను.”

“ఇస్తారా?”

“ఇవ్వకపోతే లాక్కుంటాడు. నాది చేతులు విరగ్గొట్టించుకునే వయసు కాదు. ఇదిగో, నీ తీగలు సరిపెట్టా. స్టార్ట్ చెయ్.”

“నడుస్తోంది. అత్తయ్యా, వణకడం లేదు.”

“వణకదు. ఇంజను ఆపకు. దిగి నా బండి దగ్గరికి రా.”

“ఇప్పుడా? టైము లేదు. తాళం ఇస్తానన్నారు, ఇంకేం చూపిస్తారు నాకు?”

“రా అన్నాను. బానెట్ ఎత్తు. తీగలన్నీ కలిసే ఆ నల్లమూత క్లిప్పులు విప్పు. నేను కాదు, నువ్వు.”

“నాకు రాదు.”

“వస్తుంది. అటుపక్కది కూడా. మూత కింద తిరిగే చిన్న ముక్క ఉంది చూడు. పైకి లాగు.”

“వచ్చేసింది. ఇంతేనా?”

“అంతే. అది లేకపోతే నిప్పు ఏ ప్లగ్గుకీ చేరదు. మూత మళ్ళీ ఎలా ఉందో అలా పెట్టు. ముక్క నీ జేబులో వేసుకో, ఎక్కడ పారేస్తావో చెప్పకు.”

“అత్తయ్యా... ఇది మీరే తీసి నాకివ్వచ్చుగా.”

“నా మాట మీద వాడికెప్పుడూ అనుమానం రాలేదు. రాకూడదు. తాళం వాడి చేతిలో పెడతాను. ఎంత తిప్పినా స్టార్టవదు. ‘అమ్మా, నువ్వేమైనా ముట్టుకున్నావా’ అంటాడు. వాడి కళ్ళలోకి చూసి, లేదని చెప్తాను.”