పాపిట తీసిన అక్క

చెల్లెలు కళ్లు తెరవక వారమైంది. వెలుగు పంపి మెదడును చూసే టోపీ ఆమె తలకు తొడుగుతున్న టెక్నీషియన్‌ను అక్క నిలదీసింది.

“నిన్న మెదడులో స్పందనే లేదన్నారుగా?”

“సారీ అండీ. జుట్టు మరీ ఒత్తు. వెలుగు లోపలికి వెళ్లినట్టు లేదు.”

“అంటే చూడకుండానే లేదనేశారా? నిన్నట్నుంచీ ఇంటిల్లిపాదీ ఏడ్చి చస్తున్నాం!”

“గుండు చేయిస్తే సరిగ్గా...”

“దాని జుట్టు జోలికొస్తే ఊరుకోను. దువ్వెన ఇటివ్వండి.”

అక్క పాయలు విడదీసి, టోపీలో ఒక్కో దీపం కిందా పాపిట తీసింది. చెల్లెలి చెవి దగ్గరకు వంగింది.

“ఒసేయ్, నీకు గుండు కొడతారటే!”

కాసేపటికి తెర మీద మెదడు స్పందన చూపే గీత మెల్లగా తలెత్తింది.

“అమ్మో, వింటున్నారండీ!”

“వినడమేంటి, మండిపడుతోంది! ఆ సారీ ఏదో దానికే చెప్పండి.”