రోలర్ దాటిపోయిన చోటు

దెసంక పెరటి వంటింట్లోంచి కాఫీ పళ్ళెం పట్టుకొచ్చేసరికి వసారాలో ఒబ్రాద్ మేస్త్రీ అప్పుడే కోతలు మొదలుపెట్టేశాడు. పేపరు మడిచి చేసుకున్న పడవ టోపీ ఇంకా నెత్తి మీదే ఉంది. ముక్కు కొసన తెల్ల చుక్కొకటి ఎండిపోయి ఉంది. మనిషి మాత్రం పెళ్ళిపెద్దలా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"రంగు వెయ్యడం అంటే ఏముంది, రోలర్ ముంచడం, గోడకి రుద్దడం, అంతేగా అనుకుంటారు మీరంతా. మీకేం తెలుసు! రోలర్ పొడిగా ఉంటే గోడ గీరుకుంటుంది, తాగేసి ఉంటే కన్నీళ్ళు పెట్టుకుంటుంది. దాన్ని బకెట్‌లోని జల్లెడ మీద దొర్లించి, పిండి, చెవి దగ్గర పెట్టుకుని వినాలి. 'చాలు మేస్త్రీ, ఇంక తాగలేను' అంటుంది. అప్పుడు గోడ మీద పెట్టాలి."

"మా ఇంట్లో ఆ 'చాలు' అనేది మా ఆవిడ," అన్నాడు పడవ నడిపే గ్లిగొర్, రాకియా సారా గ్లాసు కింద పెడుతూ.

అందరూ నవ్వారు. దెసంక నవ్వలేదు. ఆమె చూపు గది తలుపు మీద ఉంది. లోపల రంగు వేయడం మధ్యాహ్నానికే అయిపోయింది. ఆమె మాత్రం ఇంకా లోపలికి తొంగి చూడలేదు.

కిందటి ఆకురాలు కాలంలో ఆమె భర్త వితొమిర్ పోయాడు. చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా గోడలకి రంగు తగలనివ్వకూడదని తీసా నది ఒడ్డున అందరూ పాటించేదే. ఏడాది తిరిగింది. వచ్చే వారం ఇంటి వేల్పు దిమిత్రి పండుగ. ఫాదిరీగారు వస్తారు, కొవ్వొత్తి వెలిగించాలి, గోధుమల తీపి పంచాలి, చుట్టాలు వచ్చి కూర్చుంటారు. పొగ పట్టిన గోడల మధ్య వాళ్ళని ఎలా కూర్చోబెడుతుంది? అందుకే ఒబ్రాద్‌ని పిలిచింది.

కానీ ఆ గదిలో పొడుగు బల్ల వెనక గోడ మీద ఒక మరక ఉంది. పళ్ళెమంత గుండ్రంగా, గోధుమ రంగులో. వితొమిర్ రేవు నుంచి వచ్చి, బూట్లు విప్పి, బల్ల మీద కూలబడి, తల వెనక్కి ఆన్చి కళ్ళు మూసుకునేవాడు. చెమటా, తలనూనే, రేవు మట్టీ కలిసి ఏళ్ళ తరబడి ఆ చోటు అలా తేలింది. ఆయన ఉన్నప్పుడు ఆ మరక గురించి ఆమె రోజూ సణిగేది.

పొద్దున ఒబ్రాద్ బకెట్లతో వచ్చినప్పుడు, "అదొక్కటీ వదిలెయ్యి బాబూ" అని చెబుదామనుకుంది. ఎలా చెబుతుంది? మురికి మరకని దాచుకుంటానంటే ఊళ్ళో నవ్వరూ? బల్ల తనే పక్కకి జరిపింది. అరచెయ్యి ఆ మరక మీద పెట్టింది. వెనక అలికిడైతే తిరిగి చూసింది. ఒబ్రాద్ గుమ్మంలో నిలబడి, బకెట్‌లోకే చూస్తూ కర్రతో రంగు కలుపుతున్నాడు. ఏమీ అనలేక పెరట్లోకి వెళ్ళి ఎర్ర మిరపకాయలు దండ గుచ్చుతూ కూర్చుంది. గోడ అవతల రోలర్ తడితడిగా పైకీ కిందికీ పోతున్న చప్పుడు వినబడుతుంటే సూది రెండుసార్లు వేలికి దిగింది.

ఒబ్రాద్‌కి కూడా ఇవాళ మామూలు రోజు కాదు. ఎదురుగా కూర్చున్న స్తోయా పక్కింటావిడ, నోరు కత్తి. పండుగ కాగానే ఆవిడ కొడుకు పెళ్ళి, ఇల్లంతా రంగులు వేయించాలి. మేస్త్రీ చెయ్యి వణుకుతోందని ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. కికిందా పట్నంలో ఎవడో కుర్రమేస్త్రీ మిషనుతో రంగు చిమ్ముతాడట, వాణ్ణి పిలుద్దామా అని స్తోయా ఆలోచన. దెసంక ఇంటి గోడలు చూసి తేల్చుకుందామని వచ్చి కూర్చుంది. ఆ సంగతి ఒబ్రాద్‌కీ తెలుసు. అందుకే ఇవాళ కోతలు రోజూకన్నా ఎత్తున లేస్తున్నాయి.

"పిండిమర మాక్సిమ్‌గారి పెద్ద హాలు వేశాను చూశారూ, ఆ రోజుల్లో. ఒక్క పూతే. పైనుంచి కిందికి, తడి ఆరకముందే పక్క పట్టీ కలిపేస్తూ పోయాను, మధ్యలో మంచినీళ్ళు తాగడానికి కూడా ఆగలేదు. రోలర్ చార ఎక్కడుందో చూడండని దీపం గోడకి ఆనించి పక్కనుంచి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వెతికాడు, కళ్ళజోడు తీసేసి వెతికాడు. లేదు!"

"ఇది నమ్ముతాం," అన్నాడు గ్లిగొర్.

"ఆగవయ్యా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎక్కణ్ణించో ఒక ఈగ వచ్చింది. గోడ మీద వాలింది. వాలిందో లేదో, సర్రుమని జారి నేల మీద కూలబడింది. లేచింది, మోకాళ్ళు తుడుచుకుంది, నా వంక ఒక చూపు చూసింది, మళ్ళీ ఎక్కింది, మళ్ళీ జారింది. ఆఖరికి తలుపులోంచి మనుషుల్లాగా నడుచుకుంటూ బయటికి పోయింది."

"ఈగకి మోకాళ్ళా!" అంది స్తోయా.

"ఆ రోజే నాకూ తెలిసింది స్తోయమ్మా. సరే, సాయంత్రం అయింది. మాక్సిమ్‌గారు గడియారం తగిలించారు. మేకుంది కాబట్టి గడియారం నిలిచింది. దాని నీడ మాత్రం నిలవలేదు! జారింది, కింద కుప్పయింది. వాళ్ళావిడ చీపురుతో ఊడ్చి పెరట్లో పోసింది. ఇప్పటికీ వాళ్ళ పెరట్లో ఎండాకాలం కూడా ఒకచోట చల్లగా ఉంటుంది, కోళ్ళన్నీ అక్కడే పడుకుంటాయి, వెళ్ళి చూసుకోండి."

"నేను లోపలికెళ్ళి ఇక్కడి గోడ చూసుకుంటాను," అంటూ స్తోయా లేచింది.

కాఫీ పోస్తున్న దెసంక కళ్ళు ఆవిడ వెంటే పోయాయి. ఇప్పుడు ఆవిడ వెళ్ళి, బల్ల వెనక పాలలాంటి తెల్లగోడ చూసి, 'బాగుంది' అని వస్తుంది. ఆ మాట వింటే తను ఎక్కడ ఏడ్చేస్తుందోనని భయం. కప్పు నిండి పళ్ళెంలోకి పొర్లింది.

ఒబ్రాద్ స్తోయా వీపు వంక చూశాడు, గొంతు ఇంకా పెంచాడు.

"అసలు సంగతి వినండి! చివరి గోడ దగ్గరికొచ్చేసరికి రోలర్‌కి ఊపొచ్చేసింది. మంచి గొర్రెతోలు రోలర్, వయసులో ఉంది, నేను ఆపుదామంటే ఆగదే! గోడ అయింది, కప్పు అయింది, కిటికీలోంచి బయటికి దూకింది, కర్ర పట్టుకుని నేను వెనకాలే పరుగు. వీధి వేసింది. చర్చి గోడ వేసింది. ఎదురొచ్చిన ఫాదిరీగారి నల్ల అంగీ వేసింది, ఆయన కోపంతో తిట్టబోయాడు, తిట్లు కూడా నున్నగా పాటలా వచ్చాయి. అక్కణ్ణించి రేవు మెట్లు దిగి తీసాలోకి వెళ్ళిపోయింది!"

"నదికి రంగు వేశావా?" అన్నాడు గ్లిగొర్.

"ఒక్క పూత! అలలన్నీ ఇస్త్రీ చేసినట్టు అణిగిపోయాయి. నీ పడవ నిలబడ్డచోట నిలబడిపోయింది, గుర్తులేదూ? చేపలకి పట్టు దొరక్క ఒకదాని వెనక ఒకటి జారుకుంటూ సెగెద్ పట్నం దాకా పోయాయి. ఆ వారమంతా అక్కడివాళ్ళు ఎంత ఎర్ర కారం వేసినా చేపల పులుసు తెల్లగానే వచ్చిందట! నా మీద ఫిర్యాదు చేయడానికి ఇద్దరు పెద్దమనుషులు బయల్దేరారు కూడా. కానీ దారి మరీ నున్నగా ఉండి, ఎటు నడిచినా మళ్ళీ వాళ్ళ ఇంటికే జారిపోయారు. అదే చెయ్యి, అదే రోలర్! ఇవాళ మన దెసంకమ్మ గదికి—"

"ఆ చేతికి ఏమొచ్చిందో చెప్పు ముందు!"

స్తోయా గుమ్మంలో నిలబడి ఉంది. రెండు చేతులూ నడుం మీద.

"నదికి రంగేశావు, ఫాదిరీగారికి రంగేశావు. బల్ల వెనక పళ్ళెమంత మరకకి వెయ్యలేకపోయావా మేస్త్రీ? గోడ నడి మధ్యన, కంటికి ఎదురుగా! పండుగ నాడు అందరూ దాన్నే చూస్తారు."

 గ్లిగొర్ తొడ చరుచుకున్నాడు. "ఈగ జారింది, నీడ జారింది, చేపలు జారాయి, ఆఖరికి రోలరే జారిందన్నమాట!"

వసారా అంతా గొల్లుమంది. ఒబ్రాద్ నోరు తెరిచాడు. ఈ మనిషి దగ్గర జవాబు లేని ప్రశ్న ఉండదు. వానలో తడిసి వచ్చి కూడా, 'నేనే వానని తడిపాను' అనే రకం. దెసంక వంక ఒక్కసారి చూశాడు. తర్వాత పేపరు టోపీ మెల్లగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తప్పిపోయింది," అన్నాడు. "కళ్ళు ఇదివరకులా ఆనడం లేదు."

నవ్వు ఆగిపోయింది. ఆ మాట ఎవరూ అడగలేదు, ఎవరూ ఎదురుచూడలేదు. స్తోయా పెదవి విరిచింది. "అయితే నేను వినేది నిజమే. కికిందా వాడికే కబురు పెడతాను."

దెసంక కాఫీ గిన్నె కింద పెట్టి లోపలికి వెళ్ళింది.

పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా గోడంతా పాకి ఉంది. ఎక్కడన్నా చార ఉంటే ఆ వెలుగులో దాగదు. ఒక్కటీ లేదు. పాల మీద మీగడ కట్టినట్టు గోడంతా ఒకే తీరుగా పరుచుకుని ఉంది. బల్ల దాని చోట్లోకి తిరిగి జరిపి ఉంది. బల్ల వెనక, వితొమిర్ తల ఆనే ఎత్తులో, ఆ మరక.

దగ్గరికి వెళ్ళి చూసింది. తప్పిపోయిన చోటు అంచు అలా ఉండదు. రోలర్‌ని పక్కన పెట్టి, సన్నటి కుంచెతో మరక చుట్టూ తిరిగి, తెలుపుని కొంచెం కొంచెంగా పల్చబరుస్తూ, ఎక్కడ రంగు అయిపోయిందో ఎక్కడ మరక మొదలైందో తెలియకుండా చేశాడు. వణికే చేత్తో. ఎంతసేపు పట్టిందో! తను పెరట్లో సూదితో వేలు పొడుచుకున్నంతసేపూ ఆ చెయ్యి ఇక్కడ ఊపిరి బిగబట్టుకుని తిరిగిందన్నమాట.

దెసంక అరచెయ్యి అక్కడ పెట్టి, తీసి, బయటికి వచ్చింది. నలుగురి ముందు మాట్లాడాలంటే ఆమె మొహం మెడ దాకా ఎర్రబడుతుంది. ఇప్పుడూ ఎర్రబడింది.

"తప్పిపోలేదు," అంది.

ఎవరికీ సరిగ్గా వినబడలేదు. "ఏంటి వదినా?" అన్నాడు గ్లిగొర్.

"తప్పిపోలేదు. అది మా ఆయన తల ఆన్చే చోటు. చెరపొద్దని నేను చెబుదామనుకున్నాను. సిగ్గేసి చెప్పలేకపోయాను. చెప్పకపోయినా..." కొంగులాంటి తలగుడ్డ కొస పట్టుకుని నలిపింది. "ఒబ్రాద్ అన్న కళ్ళకేం కాలేదు స్తోయక్కా. నాకంటే బాగా కనబడుతున్నాయి."

ఒబ్రాద్ టోపీ మడతలు విప్పుతూ, మళ్ళీ మడుస్తూ ఉండిపోయాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి. ఇంత అబద్ధాలకోరు, నిజం బయటపడేసరికి ఎటు చూడాలో తెలియక కూర్చున్నాడు.

స్తోయా ముక్కు చీదుకుంది. గుమ్మం దిగి వచ్చి, దెసంక పక్కన నిలబడి, భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత ఒబ్రాద్ వైపు తిరిగింది.

"మేస్త్రీ, సోమవారం పొద్దున్నే మా ఇంటికి రా. పొయ్యి పక్కన ఇలాంటి మరకే ఉంది. మా అత్తగారు కూర్చుని, తల ఆన్చి, ఇరవయ్యేళ్ళు నాకు వంకలు పెట్టిన చోటు."

ఒబ్రాద్ మెల్లగా అడిగాడు. "అదీ వదిలెయ్యమంటావా?"

"రెండు పూతలు వెయ్యి. కనబడితే మూడోది కూడా."

గ్లిగొర్ రాకియా ముక్కులోంచి వచ్చింది. దెసంక కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూనే. ఒబ్రాద్ ఒళ్ళోంచి టోపీ తీసి మళ్ళీ నెత్తి మీద పెట్టుకున్నాడు, కొంచెం వంకరగా.

"మూడు పూతలే! ఒబ్రాద్ చేత్తో మూడు పూతలు పడిన గోడకి ఏమవుతుందో మీలో ఎవరికైనా తెలుసా?"

ఎప్పుడూ పళ్ళెం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడే దెసంక, ఆ రోజు పీట లాక్కుని అందరి మధ్యా కూర్చుంది.

"ఏమవుతుంది అన్నా?" అని అడిగింది.