బండి ఱ మీద బంగారం

"ఆ పుస్తకం మా ఆవిణ్ణి తినేసింది. ఇందులో వాదించడానికేమీ లేదు. కూర్చుంటే కూర్చో."

వర్జీనియా, షాంటిలీ. ఆదిశేషు ఇంటి గరాజ్. ఆయన భార్య ఆండాళ్ పోయి ఏడాది కాలేదు. వచ్చిన అమ్మాయి అవని, ఆండాళ్ దగ్గర పని నేర్చుకున్న పిల్ల.

"వాదించడానికి రాలేదు అంకుల్. పుస్తకంలో ఒక చిన్న రిపేర్ ఉంది. చేసేసి వెళ్ళిపోతా. విద్యక్కకి కాల్ చేశాను. ఓకే అంది."

"విద్య శాంటా క్లారాలో కూర్చుని ఓకే అంటుంది. మా అమ్మాయి ఓకే అక్కడ చెల్లుతుంది. ఇది నా గరాజ్."

"అందుకే మిమ్మల్ని అడగడానికి డ్రైవ్ చేసుకుని వచ్చాను."

"అడిగావు. విన్నాను. ట్రాఫిక్ పెరగకముందే వెళ్ళు."

"ఇంకా అడగలేదు. ముందు ఆ ఫ్యాన్ ఆఫ్ చేయండి అంకుల్, ప్లీజ్. గోల్డ్ లీఫ్ తెచ్చాను. గాలికి లేచి వెళ్ళిపోతుంది."

"ఈ మాట వినీ వినీ నా చెవులు పోయాయి. ఫ్యాన్ ఆపండి, ఏసీ ఆపండి, తలుపు మెల్లగా వేయండి, తుమ్మకండి. నేను అప్పు కట్టిన ఇంట్లో నేను తుమ్మడానికి పర్మిషన్. ఇదిగో, ఆపాను. ఉక్కపోతకి చావు."

"ఉక్కపోతే మంచిది అంకుల్. ఆంటీ చెప్పేది. గాలిలో తేమ ఉంటే బంగారం బాగా అంటుకుంటుంది అని. జులై కోసం వెయిట్ చేసేది."

"తెలుసు. అందరూ జులైలో బీచ్‌కి పోయేవాళ్ళు. మేం గరాజ్‌కి."

"మీరు ఒకసారి కూర్చోండి. ఎందుకలా తిరుగుతున్నారు?"

"నా కాళ్ళు, నా ఇష్టం. చెప్పు, ఏం రిపేరు?"

"చెప్తా. ముందు గుడ్ న్యూస్. డీసీలో లైబ్రరీవాళ్ళు ఎగ్జిబిషన్ పెడుతున్నారు. మిడీవల్ యూరప్ పుస్తకాలు, చేత్తో రాసి బంగారం పెట్టినవి. ఏడెనిమిది వందల ఏళ్ళ నాటివి. చివర్లో ఒక గ్లాస్ కేస్. ఈ కాలంలో కూడా అచ్చం అలాగే చేసేవాళ్ళ పని అందులో పెడతారు. ఆ కేస్‌లో ఆంటీ అక్షరాల పుస్తకం. అ నుంచి బండి ఱ దాకా. వాళ్ళు ఫోటోలు చూసి షాక్ అయ్యారు."

"ఎందుకు? తెలుగువాళ్ళకి అక్షరాలున్నాయని తెలియదా?"

"కాదు అంకుల్. యూరప్‌లో మొనాస్టరీల్లో సన్యాసులు చేసిన పద్ధతిలో ఒక తెలుగు ఆవిడ అన్ని అక్షరాలూ చేసింది. ఆ బ్లూ, ఆ రెడ్, మార్జిన్‌లో తీగలు, ఆ తీగల్లో చిన్న చిన్న జంతువులు..."

"దూడ తోలు మీద."

"మళ్ళీ అదేనా."

"అదే. ఉల్లిపాయ కూడా తెలియని ఇంట్లో పుట్టిన మనిషి. దూడ తోలు కొనుక్కొచ్చింది. చేప జిగురు. కోడిగుడ్డు తెల్లసొన. నా జన్మలో గుడ్డు పగలగొట్టడం చూసింది ఈ గరాజ్‌లోనే. అందుకే ఆ గడప దాటనివ్వలేదు. వంటిల్లు అటు, నీ కబేళా ఇటు అన్నాను."

"ఆంటీ నాకు చెప్పింది. మా ఆయన నా పుస్తకానికి వీసా ఇవ్వలేదు అని."

"అలా అందా?"

"క్లాస్‌లో అందరి ముందూ అంది. అందరూ నవ్వారు."

"నవ్వుతారు. మీరు నవ్వుతారు. నత్త బొమ్మ చూసి కూడా నవ్వి ఉంటారు."

"మీరు చూశారా అది?"

"న పేజీలో తీగ మీద పాకుతూ నత్త. నత్తకి కళ్ళద్దాలు. ఫ్రేము నాదే. కాస్ట్‌కోలో కొన్నది."

"అది ఇన్సల్ట్ కాదు అంకుల్. ఆ పాత పుస్తకాల్లో నిజంగా నత్తలు ఉంటాయి. కత్తి పట్టుకున్న సోల్జర్లు నత్తలతో ఫైట్ చేస్తుంటారు. ఎందుకో ఎవరికీ సరిగ్గా తెలియదు."

"నాకు తెలుసు. వాళ్ళకీ పెళ్ళాలు ఉండి ఉంటారు."

"సన్యాసులు అంకుల్."

"అయితే తెలియదు. రిపేరు సంగతి చెప్పు. నసుగుతున్నావు."

"నసగట్లేదు. చివరి పేజీ. బండి ఱ."

"దానికేం?"

"తెరుస్తాను. చేతులు కడుక్కున్నాను, చూడండి. ఇదిగో. ముందు దీని పక్క పేజీ చూడండి, క్ష. బంగారం ఎలా ఉందో. అద్దంలా ఉంది. మీ మొహం కనిపిస్తుంది."

"నా మొహం నాకు తెలుసు."

"ఇప్పుడు ఱ చూడండి. ఇక్కడ ముడతలు. ఇక్కడ చిరిగింది. ఈ వంపులో కింద ఉన్న తెల్ల పూత కూడా కరిగి జారింది. ఇది ఆంటీ వర్క్ కాదు. లైబ్రరీవాళ్ళు అదే అన్నారు. చివరి అక్షరం వేరే చెయ్యి, సరిచేసి ఇస్తే పెడతాం, లేకపోతే కష్టం అన్నారు. ఈ బంగారం గీకేసి నేను మళ్ళీ పెడతాను. ఒక గంట పని. మీరు ఊ అంటే చాలు."

"ఊహూ."

"అంకుల్."

"పుస్తకం పట్టుకుపో. డీసీలో పెట్టుకో, పొటోమాక్ నదిలో పడేయి. నేను అడగను. ఆ అక్షరం ముట్టుకోకు."

"మీకు పుస్తకం అంటేనే పడదు కదా. అక్షరం మీద ఎందుకింత?"

"ఎందుకంటే ఇప్పుడు ఆ అక్షరం ఎవరూ రాయరు. అందరూ మామూలు ర రాసేస్తారు. మా పంతులు వేలు పట్టుకుని ఇసకలో దిద్దించాడు. వేలు కందిపోయింది. అందుకు."

"నేను అక్షరం తీసేయట్లేదు. దాని మీది గోల్డ్ మాత్రమే మారుస్తా. షేప్ అదే."

"ఉన్నది చాలు."

"లేదు, చాలదు. సారీ. మీకు తెలియదేమో, అందుకే చెప్తున్నా. ఈ తెల్ల పూత ఎండిపోయి ఉంటుంది. దాని మీద సన్న గొట్టంతో ఊపిరి వదలాలి. ఆ తడికి అది జిగురవుతుంది. వెంటనే బంగారు రేకు పెట్టి నొక్కాలి. అంటే బంగారాన్ని పట్టుకునేది ఊపిరే. ఆ వదలడం కరెక్ట్‌గా రావాలి."

"నాకు పాఠం చెప్పకు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయిన మనిషికి ఈ లోకంలో దొరికిన పని అదీ. డాక్టరు ఏమన్నాడో తెలుసా? మాట్లాడటం తగ్గించండి అన్నాడు. తగ్గించింది. నాతో తగ్గించింది. దానితో తగ్గించలేదు. భోజనానికి రమ్మంటే చెయ్యి ఊపేది. మందు వేసుకున్నావా అంటే తల ఊపేది. ఇక్కడికొచ్చి ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టం పక్కకి తీసేసి, నోట్లో ఇంకో గొట్టం పెట్టుకుని, ఉన్న ఊపిరంతా ఆ తోలు మీద పోసేది. నేను ఆ తలుపు దగ్గర నిలబడి చూసేవాణ్ణి. తిను అన్నాను పుస్తకంతో. తినేసేయి. తిన్నది."

"నేను కూడా ఆపమని చెప్పాను అంకుల్. వినలేదు."

"నువ్వు చెప్పావా? నువ్వే కదా రేకులు తెచ్చిచ్చింది."

"తెచ్చాను. అడిగితే కాదనలేకపోయాను."

"అదీ సంగతి. ఇంకోటి చెప్తా విను. మా ఇళ్ళల్లో దీపం నోటితో ఊది ఆర్పరు. పువ్వు వాసన చూసి దేవుడికి పెట్టరు. కాగితం కాలికి తగిలితే కళ్ళకద్దుకుంటారు. ఈవిడ సరస్వతి మీద నోటితో ఊదింది. ఎంగిలి అన్నాను. అక్షరాలు ఎంగిలి చేస్తున్నావు అన్నాను."

"ఆంటీ ఏమంది?"

"చదివేటప్పుడు అవి నోట్లోంచి కాక ఇంకెక్కడినుంచి వస్తాయండీ అంది."

"హా. ఆంటీనే."

"నవ్వకు. నేను నవ్వలేదు. దాని తర్వాత ఈ గరాజ్‌లో కాలు పెట్టలేదు నేను."

"అసలు పెట్టలేదా?"

"కారు కూడా బయటే పెట్టుకున్నాను. మంచు గీక్కున్నాను. ఇంకేమిటి?"

"ఏం లేదు. సరే, ఇంకోలా అడుగుతాను. ఈ ఱ ఎవరు చేశారు?"

"ఆవిడ పుస్తకం. ఆవిడే చేసింది."

"బొమ్మ ఆంటీదే. పూత ఆంటీదే, కొంచెం చెయ్యి వణికింది కానీ ఆంటీదే. గోల్డ్ కాదు. మేము మెల్లగా హా అని వదులుతాం, కళ్ళజోడు తుడవడానికి వదిలినట్టు. ఇక్కడ ఎవరో ఫూ అని ఊదారు, బర్త్‌డే క్యాండిల్ ఊదినట్టు. రేకు పెట్టాక కూడా ఊదారు, అందుకే మడత పడింది. ఈ చుక్క చూడండి. ఉమ్మి పడింది."

"నీ కళ్ళు మంచివి."

"ఆంటీ నేర్పింది. ఇది చేసింది నేను కాదు. మా క్లాస్‌లో తన్వి అయి ఉంటుంది అనుకుని కాల్ చేశాను. తను ఆంటీ చివరి నెల అంతా రెడ్‌మండ్‌లో ఉంది, కొత్త జాబ్. ఇంకెవరు వచ్చేవాళ్ళు?"

"ఎవరొస్తారు. నర్సు వచ్చేది."

"నర్స్ చేసిందా?"

"బీపీ చూసేది."

"అంకుల్, మీరు ఆన్సర్ చెప్పట్లేదు."

"నువ్వు ప్రశ్నలు ఆపట్లేదు. సరే, నేను అడుగుతాను, నువ్వు చెప్పు. గ పేజీలో తోలుకి చిల్లు ఉంది. దాని చుట్టూ అక్షరం రాసింది. అది పెద్ద గొప్ప అన్నావు ఒకసారి, మా ఇంట్లో కాఫీ తాగుతూ."

"అవును. ఆ కాలంలో చిల్లు పడితే పట్టుదారంతో అంచు కుట్టి వదిలేసేవాళ్ళు. దాచేవాళ్ళు కాదు."

"చిల్లు ఉండొచ్చు. ముడత ఉండకూడదు."

"చిల్లు తోలుది అంకుల్. ముడత మనిషిది. ఎవరో తెలియక పాడు చేసింది."

"పాడు చేసింది."

"అవును. నిజం చెప్తున్నా. నేను చేసిన మొదటి అక్షరంలో వెంట్రుకంత గీత ఉందని ఆంటీ నా చేతే గీకించింది. ఏడ్చాను. మళ్ళీ చేయి అంది. తన సొంత 'ఔ' నాలుగు సార్లు గీకింది. అంత స్ట్రిక్ట్. ఆంటీ ఇది చూస్తే ఒక్క నిమిషం ఉంచదు. తన పుస్తకంలో, చివరి పేజీలో, ఇలాంటిది పెట్టుకుని వెళ్ళిపోయింది అని డీసీలో అందరూ అనుకోవాలా? నేను ఒప్పుకోను."

"నువ్వెవరు ఒప్పుకోడానికి?"

"నేను తన స్టూడెంట్‌ని. మీరు ఈ గరాజ్‌లోకి రాని రోజుల్లో నేను ఇక్కడ కూర్చున్నాను. తన ముక్కు గొట్టం నేను సరిచేశాను. నాకూ కొంచెం రైట్ ఉంది."

"ఉంది. లేదనను."

"ఆంటీకి ఆ గ్లాస్ కేస్ కావాలని ఎంత ఆశ ఉండేదో మీకు తెలియదు. ఒకసారి ఆ లైబ్రరీకి వెళ్ళాం, ఇద్దరం. పాత పుస్తకం ముందు గంటసేపు నిల్చుంది. ఆక్సిజన్ అయిపోయిందని అలారం మోగుతోంది. అయినా కదల్లేదు. ఇంటికి వస్తూ కారులో, ఇలాంటి పెట్టెలో ఒక్కరోజు ఉంటే చాలు అంది. పుస్తకం గురించే అంది, తన గురించి కాదు."

"నాకు చెప్పలేదు."

"మీరు గరాజ్‌లోకి రాలేదు. సారీ. అలా అనకూడదు."

"అన్నావుగా. వెనక్కి తీసుకోకు."

"అంకుల్, మండే పొద్దున వాళ్ళు వస్తారు. ఇది సరిచేయకపోతే ఆ కేస్‌లో ఇంకెవరిదో పెడతారు. మీరు ఊ అనకపోయినా చేసేస్తా. విద్యక్క పేపర్ మీద సైన్ చేసింది. మీకు తర్వాత కోపం వస్తే రానివ్వండి. నేను ఆంటీ కోసం చేస్తున్నా."

"కత్తి బయటికి తీశావు."

"చిన్నదే. పూత దాకా వెళ్ళను. పైన రేకు మాత్రమే."

"కింద పెట్టు."

"రెండు నిమిషాలు. మీరు లోపలికి వెళ్ళండి, చూడకండి."

"అవనీ, కింద పెట్టు."

"మరి ఎందుకో చెప్పండి. ఒక్క రీజన్. దూడ తోలు కాదు, పంతులు కాదు, ఇసక కాదు. నిజమైన రీజన్ చెప్తే పెట్టేస్తా."

"గొట్టం పట్టుకుంది. రాలేదు."

"ఏంటి?"

"ఊపిరి. రాలేదు. మళ్ళీ పట్టుకుంది. నేను తలుపు దగ్గర ఉన్నాను. గొట్టం నా వైపు చాపింది."

"మీరా?"

"నాకు మీ హా తెలియదు. మా అమ్మ ఊదుగొట్టంతో పొయ్యి ఊదడం చూసినవాణ్ణి, అలాగే ఊదాను. అంటుకోలేదనుకుని మళ్ళీ ఊదాను."

"అంకుల్... నాకు తెలియదు. ఆంటీ చూసిందా ఇది? ఇలా వచ్చిందని?"

"చూసింది. గీకేయి, ఇంకోసారి సరిగ్గా ఊదుతాను అన్నాను. అద్దాలు పెట్టుకుని ఆ ముడతలన్నీ ఒక్కొక్కటీ చూసింది. 'ఉండనీండి' అంది. పుస్తకం మూసేసింది. ఇంక పట్టుకుపో. అడిగినా చెప్పను, నువ్వు కాదు, విద్య వచ్చి అడిగినా చెప్పను. ఈ మాట నా నోట్లోంచి ఇంకెప్పుడూ రాదు."