ఆపకుండా పదహారు లైన్లు

రికార్డింగ్ గది. మైకు ముందు ఒకప్పుడు పేరున్న ర్యాపర్. గాజుకి ఇవతల, మీటల బల్ల దగ్గర, అతని బావమరిది, సౌండ్ ఇంజనీరు.

“...పైగా దాన్ని హిప్‌హాప్ అంటారు. నాలుగు మాటలు. తిప్పి తిప్పి అవే నాలుగు మాటలు. ఒకటి కారు, ఒకటి గడియారం, మిగతాదంతా మూలుగు. మేం పాడితే మా వీధి వినపడేది. కుళాయి దగ్గర తగాదాతో సహా వినపడేది. వీళ్లు పాడితే ఏం వినపడుతుంది?”

“ప్రస్తుతానికి నీ ఆయాసం వినపడుతోంది బావా. ఐదో లైన్ దగ్గర మళ్లీ తెగింది.”

“మొదట్నించి పెట్టు.”

“ఇది పదకొండోసారి. ఐదో లైన్ నుంచి అందుకో, నేను అతికిస్తాను.”

“అతికిస్తావా? నేనేమన్నా చిరిగిన చొక్కానా?”

“అందరూ చేసేదే.”

“అందుకే అందరి పాటలూ అలా ఏడుస్తున్నాయి. పదహారు లైన్లు ఆపకుండా పాడలేనివాడికి మైకెందుకు? మా రోజుల్లో...”

“మీ రోజుల్లోనూ చెత్త ఉండేది. రికార్డు చేసింది నేనే కదా. దాన్నెవరూ దాచుకోలేదు కాబట్టి నీకు గుర్తులేదు.”

“నీకు జీతమిచ్చేది ఇప్పటివాళ్లు. అలాగే మాట్లాడతావు.”

“రేడియోలో పాప గురించి కూడా ఇలాగే వాగావు.”

“దాని పేరెత్తలేదు.”

“‘మా ఇంట్లోనే ఒకతి ఉంది, కంప్యూటరు పాడుతుంది, తను పెదాలు కదుపుతుంది’ అన్నావు. నీకు ఎంతమంది కూతుళ్లు బావా?”

“ఉన్నమాట అన్నాను.”

“ఆ ఉన్నమాటకి రెండేళ్లు నీ మొహం చూడలేదు. ఇవాళ తనంతట తనే పిలిచింది. తన పాటలో పదహారు లైన్లు ఖాళీ పెట్టి, నాన్నే పాడాలని బయట వరండాలో కూర్చుంది. ఆరింటికి పాట పంపించెయ్యాలి. నువ్వు పాడకపోతే ఆ ఖాళీ మూసేస్తుంది. ఇక జన్మలో నిన్ను పిలవదు.”

“జాలిపడి పిలిచిందేమో.”

“జాలా? నీకు పేరు తెచ్చిన ఆ పాట వింటూ పెరిగిందది. నీలా ఆపకుండా పాడాలని ఏడో తరగతిలో ఊపిరందక కళ్లు తిరిగి పడిపోయింది. గుర్తుందా, అదీ లేదా?”

“ఉంది. పెట్టు, మొదట్నించి. ఆ పాట ఎక్కడా ఆపకుండా ఒక్క టేక్‌లో పాడాను. ఇదీ పాడతాను.”

“పాడలేదు.”

“ఏంటి?”

“అప్పుడూ పాడలేదు. ఇరవయ్యారేళ్లు నోరు మూసుకున్నాను, ఇక నావల్ల కాదు. నువ్వు గొంతు పోయి ఇంటికెళ్లిపోయావు. మర్నాడు నేను కూర్చుని టేపుని బ్లేడుతో కోసి, మంచి ముక్కలు ఏరి అతికించాను. తొమ్మిది అతుకులు.”

“నోర్ముయ్.”

“చెప్తే మళ్లీ మైకు పట్టుకోవని భయపడ్డాను. నువ్వేమో నా అతుకుల్ని చూసుకుని లోకాన్ని తిట్టావు. నా మేనకోడల్ని తిట్టావు.”

“తొమ్మిదా?”

“ఆఁ.”

“నాకు ఎనిమిదే దొరికాయి.”

“...ఏమన్నావు?”

“మొదటిరోజు విన్నప్పుడే ఒకటి దొరికింది. ఆ తర్వాత ఎవరైనా ‘ఒక్క టేక్ అంట కదా’ అని చెయ్యి పట్టుకుని ఊపినప్పుడల్లా, ఇంటికెళ్లి విని, ఇంకొకటి పట్టుకునేవాణ్ణి.”

“తెలిసి కూడా పాపని అంత మాటన్నావా? తెలిసి కూడానా?”

“అది నవ్వుతూ చెప్పిందిరా. ‘ముక్కలు ముక్కలుగా పాడాను నాన్నా, అయితే ఏంటి’ అంది. అన్నం తింటూ, మామూలుగా. నేను ఇన్నేళ్లు కడుపులో పెట్టుకుని చస్తున్నదాన్ని అది అంత తేలిగ్గా అనేసరికి ఒళ్లు మండిపోయింది.”

“సిగ్గులేదా నీకు?”

“నీ బ్లేడుకి ఉందా?”

“నాకుంది. అందుకే చెప్పాను. పావుతక్కువ ఆరు. బయటికెళ్లి దానికేం చెప్పమంటావు?”

“నువ్వేం చెప్పక్కర్లేదు. కూర్చో.”

“హెడ్‌ఫోన్స్ తీసేస్తున్నావేంటి? ఎక్కడికి? బావా, గొడవ పెట్టకు, ఆ తలుపు తియ్యకు...”

“అమ్మా, లోపలికి రా. ఆపకుండా పాడటం నాకు రాదు. ఎప్పుడూ రాలేదు.”