ఐదో అంకె

రాళ్లు చెక్కే షెడ్డు. సమాధి రాయి ముందు ఇద్దరు: చెక్కిన మేస్త్రి, చెక్కించుకున్న ఆవిడ.

“ఛీ. ఇదా మీరు చేసిన పని?”

“ఏమైందమ్మా? పేరు సరిగ్గానే ఉంది, తేదీలు సరిగ్గానే ఉన్నాయి.”

“పేరు కింద ఆ నంబరు చదవండి.”

“మూడు, ఎనిమిది, ఒకటి, ఆరు, నాలుగు, ఐదు, ఏడు, రెండు, తొమ్మిది, సున్నా. ఫోన్ నంబరనుకున్నాను.”

“పోయిన మనిషికి ఫోనెందుకయ్యా?”

“ఏమోనమ్మా. మొన్నొకాయన కుక్క పేరు కూడా చెక్కించుకున్నాడు.”

“నాలుగూ ఐదూ తారుమారు చేశారు.”

“ఒక్క అంకె అటూ ఇటూ అయితే కొంప మునుగుతుందా?”

“మునుగుతుంది. సున్నా నుంచి తొమ్మిది దాకా ప్రతి అంకే ఇందులో ఒక్కసారే వస్తుంది. మొదటి రెండంకెలు కలిపి చదివితే ముప్పై ఎనిమిది, అది రెండుతో పోతుంది. మొదటి మూడు మూడుతో, నాలుగు నాలుగుతో. అలా పది దాకా, ఎక్కడా శేషం మిగలదు. ఇలాంటి నంబరు మొత్తానికి ఇదొక్కటే. మా నాన్న నలభై ఏళ్లు బడిలో ఇదే చెప్పాడు.”

“నాకు తల తిరుగుతోంది.”

“మొదటి ఐదంకెలు ఐదుతో పోవాలంటే ఐదో అంకె ఐదే ఉండాలి. మీరు నాలుగు పెట్టారు. చూస్తుంటే అసహ్యం వేస్తోంది నాకు.”

“మూడు రోజులు దుమ్ము మింగింది నేను, అసహ్యం మీకు. ఆ రెండంకెలూ లప్పంతో పూడ్చి మళ్లీ చెక్కుతాను లెండి.”

“లప్పమా? మా నాన్నకి అతుకుల రాయి పెడతానా? రేపు మా అక్క వస్తోంది.”

“వస్తే రానీయండి. ఆవిడ అంకెలు లెక్కపెడుతుందా ఏంటి?”

“అదే చేస్తుంది. ఆవిడా లెక్కల టీచరే. ఏడాదిగా నాతో మాటల్లేవు. ఆస్పత్రికి రానన్నప్పుడు నాన్నకి బుర్ర పనిచెయ్యడం లేదట. ఆయన మాట విని నేనే చంపేశానట.”

“అయ్యో.”

“అయ్యో అనకండి, ఒళ్లు మండుతుంది. ఆయన తెలివిగానే ఉన్నాడు. అనుమానం నాకూ వచ్చింది. ఆ నంబరు రాసి చూపించు నాన్నా, అప్పుడు నీ మాట వింటాను అన్నాను. టకటకా రాసిచ్చాడు. అందుకే, అది అక్క కళ్లెదురుగా రాయి మీద ఉండాలని...”

“మీరు కవర్లో పెట్టిచ్చిన కాగితం అదేనా?”

“అదే. దాన్ని చూసి కూడా తప్పు చెక్కారంటే, అవి కళ్లా కాకరకాయలా?”

“నేను చూసి చెక్కలేదమ్మా. అంకెలు ఆయన రాతలోనే ఉండాలన్నారు కదా. కింద కార్బన్ వేసి, ఆయన గీతల మీదే గీశాను. తర్వాతే ఉలి పట్టాను.”

“ఏదీ, ఆ కాగితం ఇటివ్వండి.”

“ఇదుగో.”

“మూడు, ఎనిమిది, ఒకటి, ఆరు...”

“అమ్మా?”

“నాలుగు. ఆ తర్వాత ఐదు. నాన్నే తారుమారు చేశాడు.”

“అదేగా నేను మొత్తుకునేది.”

“చకచకా రాస్తుంటే ఆయన చెయ్యే చూశాను. అంకెలు చూడలేదు. మడిచి దాచుకున్నానే గానీ ఒక్కసారి కూడా విప్పి చూడలేదు. థూ, ఏం మనిషిని నేను.”

“ఊరుకోండమ్మా. రాయి వెనకవైపు నున్నగానే ఉంది. నేనూ మా కుర్రాడూ రాత్రంతా కూర్చుంటే రేపటికి సరిగ్గా చెక్కేస్తాం. మీ అక్కకి తెలియనే తెలియదు.”

“వద్దు. ఇలాగే నిలబెట్టండి. అక్కని చదవనీయండి.”