ఏ కాయితంల రాసుందో సూపెట్టు

"అవ్వా, తాతకు గుండె ఆపరేషన్ ఆరోగ్యశ్రీ మీద అయ్యిందంట కదా. గది మీకు వస్తదని ఎవ్వలు చెప్పిండ్రు?"

ఎవ్వలు చెప్పిండ్రా? ఎవ్వలు చెప్పలే బిడ్డా! గదే నా కడుపుమంట. కూసో, గా పీట ఇటు గుంజుకో. తంబాకు దుమ్ము పడుతది, జెర అటు జరుగు. చేతులాగితె నాకు మాట రాదు, బీడీలు సుట్టుకుంటనే చెప్త.

మీ అమ్మ, నేను ఒక్క కార్ఖానకే బీడీలు సుడ్తం గని, మీ తాత ఎసొంటి మనిషో నీకు ఎర్కేనా? బోధన్ల చక్కెర ఫ్యాక్టరీ నడిచిన దినాలల్ల చెరుకు బండ్లు దించేటోడు. ఎడపల్లి రోడ్డు పొంటి బండ్లే బండ్లు. గప్పుడు వెయ్యి బీడీలు సుడితె నాకు పదో పన్నెండో రూపాయలు... కాదు కాదు, గది పెద్దపిల్ల పుట్టినంక. అంతకుముందు ఇంక తక్కువనే. ఏం చెప్తున్న? ఆఁ, మీ తాత. గసొంటి మనిషికి నీళ్ల బిందె లేపితె ఆయాసమొచ్చుడు మొదలైంది. ఒకనాడు ఛాతి మీద చెయ్యి పెట్టుకొని గోడకు ఒరిగిండు. డాక్టరు సూసి, గుండె నరం మూసుకపోయింది, స్టెంటు ఎయ్యాలె అన్నడు. ఎంతయితదో గూడ చెప్పిండు. నాకు కండ్లు తిరిగినయ్.

మనం బీడీలోళ్లం ఏం చేస్తం? ఏదున్నా టేకేదారునే అడుగుతం. ఆకు ఇచ్చేది ఆయనే, తంబాకు తూచేది ఆయనే, బీడీలు సూసి తీసుకునేది ఆయనే. పింఛనుకు ఆయనే, పీఎఫ్‌కు ఆయనే. పిల్ల పెండ్లికి సంబంధం గూడ ఆయన్నే అడిగేటోళ్లున్నరు, నవ్వకు. నేనుగూడ కార్ఖానకు పోయిన. "అన్నా, రేషన్ కార్డు మీద ఆపరేషన్ చేస్తరంట, మాకొస్తదా?" అని అడిగిన. ఆయన తలకాయ గూడ ఎత్తలే. బీడీ కట్టలు సూసుకుంటనే, "మీకు పీఎఫ్ కట్ అయితుంది కదక్కా. పీఎఫ్ ఉన్నోళ్లకు రాదు, అది ఏం లేనోళ్లకు" అన్నడు. గంతే.

ఇగ నేను నమ్మిన. పీఎఫ్ ఉన్నదంటె మనం గూడ నౌకరోళ్ల లెక్కనే కావచ్చు అనుకున్న. వాడకట్టుల ఎవ్వల్నడిగినా గదే మాట. ఎందుకనవు? అందరికి చెప్పింది ఆయనే! చలికాలం పోయింది, ఎండకాలం వచ్చింది. మీ తాత గోలీలు మింగుకుంట మంచంలనే.

మల్ల నొప్పి లేసింది. ఆటోల ఏసుకొని నిజామాబాద్‌ల ఒక పెద్ద ప్రైవేటు దవాఖానకు తీస్కపోయిన. కౌంటర్ల ఉన్నోడు డిపాజిట్ కట్టు అంటడు. పీఎఫ్ ఉన్నోళ్లకు కార్డు నడువదా సారూ అంటె, అటు అడుగు అంటడు. అటు పోతె పైకి పో అన్నరు. పైకి పోతె, కింద అడగలేదా అన్నరు. గోడకు ఆరోగ్యశ్రీ అని గింత పెద్ద బోర్డు ఉన్నది, దాని మీద నవ్వుకుంట లీడర్ల ఫొటోలు. ఎవ్వల్ని అడగాలెనో మాత్రం ఒక్క ముక్క లేదు. ఎలక్షన్లప్పుడు ఆటోకు మైకు కట్టి గల్లీ గల్లీ తిరుగుతరు గదా, గీ ముచ్చట చెప్పనీకె ఒక్క మైకు దొరకదా వీళ్లకు? అవుతల మీ తాత బెంచి మీద ఊపిరాడక కొట్టుకుంటున్నడు.

నాకు మండింది. కార్ఖానల మంచి బీడీలను బాగలెవ్వని పక్కకు పారేస్తె మనం ఏం చేస్తం? గంప బోర్లిస్తం. అందరి ముంగట పోసి, ఏది ఖరాబున్నదో ఒక్కొక్కటి పట్టి సూపెట్టు అని అడ్డం కూసుంటం. గదే చేసిన. కౌంటరు ముంగట బండల మీద సంచి బోర్లించిన. రేషన్ కార్డు, ఆధారు, పీఎఫ్ చీటి, గుండె ఫొటోలు, అన్ని పరిచి నడిమిట్ల కూసున్న. "మాకు రాదని ఏ కాయితంల రాసుందో సూపెట్టు. సూపెట్టిందాక లేవ" అన్న. జనం జమైండ్రు. వాచ్‌మెన్ వచ్చి లెవ్వమ్మా లెవ్వు అంటడు, నేనెందుకు లేస్త?

గప్పుడు ఒక మేడం వచ్చింది, మెడల పేరు బిళ్ల ఏసుకొని. చాయ్ తాగొస్తున్నది. రేషన్ కార్డు సూసి, "అమ్మా, మీకొస్తది. పీఎఫ్‌కు దీనికి సంబంధమే లేదు. ఆరోగ్యశ్రీ టేబులు గీడనే, నన్నడగాలె" అన్నది. గీడనే అంట! తాగే నీళ్ల మిషను ఎనుక. పొద్దటి సంది మీ తాతకు నేను నీళ్లు పట్టుకపోయింది గా మిషను కాడనే!

స్టెంటు ఏసిండ్రు, పైస తీసుకోలే. కని డాక్టరు ఏమన్నడో తెలుసా? మొదట్లనే తెస్తె గుండె ఇంత బలం తప్పకపోతుండె అన్నడు. మొదట్ల ఎవ్వడు చెప్పిండు నాకు? మీకొస్తది అని ఒక్క మాట, బిడ్డా. గా మాట అందక మనిషి సగమైండు. చెరుకు బండ్లు దించినోడు ఇయ్యాల మెట్టెక్కాల్నంటె నా భుజం పట్టుకుంటడు. పట్టుకున్నప్పుడల్ల నాకు ఏడుపొస్తది, ఆయనకు కనపడనియ్య.

ఏందే, కండ్లల్ల నీళ్లేంది? మీ బాపుకా? గుండెనే? మరి మీ అమ్మ ఏమంటున్నది? ...పీఎఫ్ ఉన్నది, రాదు అంటున్నదా? ఆగు, నాకెర్కే. నిన్న మీ అమ్మ కార్ఖాన కాడ గా టేకేదారు పక్కన నిలబడ్డది, సూసిన. ఇంక గదే చెప్తున్నడా వాడు! దవాఖాన నుంచి వచ్చిన దినమే నేను పోయి ముఖం మీద చెప్పిన గదా, వస్తది, అందరికి చెప్పు అని. తలకాయ ఊపిండు!

లెవ్వు. గీ బీడీల చాట అవుతల పెట్టు, ఇయ్యాల బీడీలు గంగల కలవనీ. మీ కార్డులు తీస్కో, బాపును ఆటోల కూసోపెట్టు. గా మేడం టేబులు నేను సూపెడ్త. ఆమె లేకుంటెనా? లేకుంటె బండల మీద కూసుంటం, ఇద్దరం.

సల్లగుండు బిడ్డా. మీ బాపు ఎవ్వల భుజం పట్టకుంట మెట్లెక్కాలె... నడు నడు, నా చెప్పులేడున్నయ్ సూడు...