పేరాచారి నాలుగో పంకా

పేరాచారని మన కమ్మరోళ్ళ ఇంట్లో పుట్టినోడు, మిలిట్రీలో విమానాల మెకానిక్కంట. మనిషి బక్కపలచగా ఉంటాడు గానీ కోపమొస్తే పక్కన నిలబడలేం అనుకో. ఆ కోపం ఊరికే వచ్చింది కాదులే, వినండి. తెల్లోళ్ళ యుద్ధం అయిపోయినాక ఉత్తరాదిలో ఓ మైదానం నిండా బాంబులేసే పెద్ద విమానాలు వదిలేసి పోయారంట, ఒక్కోదానికి నాలుగేసి ఇంజన్లు, ఇంజనుకో పంకా. వదిలేస్తే వదిలేశారు, మనకి పనికిరాకూడదని అద్దాలు పగలగొట్టి, ఇంజన్లలో ఇసక పోసి మరీ పోయారంట, పాడు బుద్ధి. మనోళ్ళేం చేశారంటే, ఆ ఇసకంతా కడిగి, దీని సామాను దానికేసి, దాని సామాను దీనికేసి, మొత్తానికి గాల్లోకి లేపారంట. అందులో ఒకటి పేరాచారి చేతుల మీద లేచింది. దాన్ని ఆయన ‘బర్రె’ అనేవాడంట. నవ్వబాక సుబ్బులూ, దాని పొట్ట అట్టా ఉంటది మరి.

ఇరవై ఏళ్ళు తిరిగిందంట ఆ బర్రె, సముద్రం మీద కాపలా. ఈలోపు జెట్లొచ్చినయ్. పంకాల్లేవు, ఏం లేవు, మీట నొక్కితే ఈల వేసుకుంటా పోతయ్. ఇంకేముంది, ముసలియ్యన్నీ పాత ఇనుం కింద కోసెయ్యమని హుకుం వచ్చింది. అయితే ఒక్క దారుందంట. పై దేశం నుంచి మ్యూజియం వాళ్ళు వస్తారు, వాళ్ళ ముందు నాలుగు ఇంజన్లూ ఆడితే బర్రెని అట్టాగే ఎగరేసుకుని పోతారు, ఆడకపోతే అదీ రంపం కిందికే. పేరాచారి పది రోజులు దాని కిందే ఉన్నాడంట. తిండీ అక్కడే, కునుకూ అక్కడే.

ఇప్పుడిక్కడ ఒక సంగతి తెలియాల మీకు. ఆ ఇంజన్లు ఆగి కూచుంటే నూనె కిందికి దిగి అడుగు గొట్టాల్లో నిలబడుద్దంట. మీట నొక్కే ముందు మనుషులు పంకా రెక్కలు చేత్తో పట్టుకుని, ఒకటి తర్వాత ఒకటి నెట్టి తిప్పాల. అప్పుడు ఆ నూనె బయటికి పోద్ది. తిప్పకుండా నొక్కావా, లోపల కడ్డీ వంగి కూచుంటది. సరే, మ్యూజియం వాళ్ళొచ్చే రోజు పొద్దున పేరాచారీ ఇంకో ఇద్దరూ బనీన్లతో, చెమటలు కక్కుతా ఒక పంకా తిప్పారు, రెండోది తిప్పారు, మూడోది తిప్పారు. ఇంతలో అతిథుల కార్లు కనపడినయ్యంట. పైన మీటల దగ్గర కూచుంది జెట్ల నుంచి వచ్చిన కుర్ర ఆఫీసరు. వాడికి సిగ్గేసిందంట. ఏందయ్యా ఈ గానుగ తిప్పుడు, పరాయి దేశం వాళ్ళ ముందు పరువు తీస్తన్నారు, పక్కకి పోండి అన్నాడంట. సార్, ఇంకొకటుంది, ఒక్క నిమిషం, నాలుగోది తిప్పలేదు, నొక్కబాకండి అని పేరాచారి చెయ్యెత్తి అరుస్తానే ఉన్నాడంట. వాడు నొక్కాడు. లోపల ధడేలుమని ఒకటే చప్పుడు. నాలుగో పంకా అరచుట్టు తిరిగి ఆగిపోయి, కింద నూనె కారతా ఉంది. అతిథులు చూశారు, తల అడ్డంగా ఊపారు, టీ తాగి పోయారు.

పేరాచారి కోపంతో విమానం మెట్ల కాడికి పోయి, తెల్లోడు పోతా పోతా ఇసక పోశాడు, వాడు పరాయోడు, వాడి ఏడుపేందో నాకర్థమైంది, నీకేం పోయేకాలమొచ్చింది, నువ్వు మనోడివేగా అన్నాడంట, అంత ఆఫీసర్ని పట్టుకుని. వాడు సాయంత్రానికి కాగితమొకటి పట్టుకొచ్చాడు. ఇంజను ముసలిదై చెడిపోయిందని ఇంగ్లీషులో కొట్టించి ఉంది, కింద మెకానిక్కు సంతకం పెట్టాలంట. నేను పెట్టను, అది ముసల్దై పోలా, నువ్వు చంపావు అన్నాడు ఈయన. పెట్టకపోతే నీ సర్వీసు ఇవ్వాళ్టితో సరి అన్నాడు వాడు. పేరాచారి ఇటియ్యి అన్నాడంట. కాగితం తీసుకుని కింద తెలుగులో బారుగా రాశాడు. ‘ఇది ముసలితనం కాదు. నాలుగో పంకా తిప్పనియ్యకుండా ఈ ఆఫీసరే మీట నొక్కి చంపాడు. వద్దని అరిచాను. పేరాచారి.’ అక్కడ తెలుగొచ్చినోడు ఒక్కడు లేడు. వాడు అటూ ఇటూ తిప్పి చూసి, ఈ మద్రాసోళ్ళకి పేర్లు ఇంత పొడుగుంటయ్యేందిరా అనుకుని, ముద్ర కొట్టి ఫైల్లో పెట్టుకున్నాడంట.

ఇదిగో, మీరు నవ్వుతారని నాకు తెలుసు. ఇక్కడికొచ్చేతలికి అందరూ నవ్వుతారు. ఆయన మాత్రం చెప్పిన ప్రతిసారీ పళ్ళు కొరుకుతానే చెప్పాడు నాకు. ఎందుకంటే మర్నాడు పొద్దున్నే రంపాలు తెచ్చి బర్రెని మూడు ముక్కలు కోశారు, కొయ్యటం అయ్యేదాకా ఆయన ఎండలో నిలబడి చూశాడు. కాగితం ఎంత బాగా రాస్తే మాత్రం ఏం లాభం, చెప్పండి.